రేకు ఫైళ్లకు సొంత ఐకాన్, లోపలి బొమ్మ: రెండూ వేర్వేరు పనులు

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా చెబుతాను. గాజువాక ఆటోనగర్‌లోని మీ ప్లేట్ కటింగ్ వర్క్‌షాప్ కోసం మీరే సీ షార్ప్‌లో ఒక నెస్టింగ్ ప్రోగ్రామ్ (కోయాల్సిన ముక్కలను ప్లేటు మీద పొందికగా అమర్చేది) రాసుకున్నారు. దాని ఫైళ్లకు ఇంగ్లిష్ అక్షరాలతో ‘రేకు’ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టారు. మీ లాప్‌టాప్‌లో ఐకాన్ చక్కగా కనిపిస్తోంది. మిషన్ పక్కనున్న విండోస్ కంప్యూటర్‌లో మాత్రం అన్నీ తెల్ల కాగితాలే. పైగా ఫైలు తెరవకుండానే లోపలి డ్రాయింగు చిన్న బొమ్మగా కనిపించాలి, అందుకు విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో ఏ లైను రాయాలి అని అడిగారు.

పద్దెనిమిదేళ్లుగా విశాఖలో చిన్న వర్క్‌షాపులకు డెస్క్‌టాప్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నాను. ఈ ఐకాన్ల పనిని చాలామంది చివరి రోజుకు మిగిల్చే అలంకారంగా చూస్తారు. నేను అలా చూడను. ఒకసారి సింధియా వైపు ఒక వర్క్‌షాప్‌లో ఆపరేటరు వెనక నిలబడి గంటసేపు గమనించాను. కుడిచేతి గ్లౌజు తీసి, చూపుడు వేలితో తెర మీద ఒక్కో పేరూ తాకుతూ కిందికి వెళుతున్నాడు. ‘ఫ్లాంజ్ కొత్త’, ‘ఫ్లాంజ్ కొత్త 2’, ‘ఫ్లాంజ్ ఫైనల్’, ‘ఫ్లాంజ్ ఫైనల్ సరిచేసింది’. అన్నింటి పక్కనా ఒకటే తెల్ల కాగితం. నాలుగింటిలో బోల్టు రంధ్రాలు ఎనిమిది ఉన్నది ఏదో, పన్నెండు ఉన్నది ఏదో తెలియాలంటే ఒక్కొక్కటీ తెరిచి చూడాలి. ఆ రోజు తెరవలేదు. 12 మిల్లీమీటర్ల ప్లేటు మీద ప్లాస్మా టార్చి తప్పు డ్రాయింగు గీసుకుంటూ పోయింది. కోసిన ప్లేటు మళ్లీ ప్లేటు కాదు. అప్పటి నుంచి ఈ పనిని ప్రోగ్రామ్‌లో అసలు భాగంగానే లెక్క వేస్తున్నాను.

ఇప్పుడు మీ ప్రశ్నలో కలిసిపోయిన రెండు పనులను విడదీయాలి. ఐకాన్ అంటే ఇది ఏ రకం ఫైలో చెప్పే ముద్ర. థంబ్‌నెయిల్ అంటే ఈ ఫైలులో ఏముందో చూపే బొమ్మ. ముద్రకు రిజిస్ట్రీలో రెండు మూడు నమోదులు చాలు. బొమ్మకు ఒక చిన్న ప్రోగ్రామ్ రాయక తప్పదు. రిజిస్ట్రీలో ఎన్ని లైన్లు రాసినా విండోస్‌లో ఫోల్డర్లు చూపే ఎక్స్‌ప్లోరర్‌కు మీ ఫైలు చదవడం రాదు. మీరు నేర్పాలి.

తేలికైన ఐకాన్ సంగతి ముందు తేల్చేద్దాం. రిజిస్ట్రీలో ‘క్లాసెస్’ కింద చుక్కతో సహా మీ ఎక్స్‌టెన్షన్ పేరుతో ఒక కీ, అంటే ఫోల్డరు లాంటి గడి, ఉంటుంది. దాని డిఫాల్ట్ విలువలో ప్రోగ్‌ఐడీ, అంటే మీ రకం ఫైళ్లకు మీరు పెట్టే లోపలి పేరు, రాస్తారు. ఆ ప్రోగ్‌ఐడీ పేరుతో ఇంకో కీ, దాని కింద ‘డిఫాల్ట్‌ఐకాన్’, అందులో ఐకాన్ ఉన్న ఫైలు దారి, కామా, ఒక అంకె. ఆ అంకె సున్నా నుంచి మొదలయ్యే వరుస సంఖ్య. రుణ సంఖ్య రాస్తే అది రిసోర్స్ ఐడీ, అంటే ఆ ఐకాన్‌కు మీరే ఇచ్చిన గుర్తింపు సంఖ్య, అవుతుంది. కొత్త వెర్షన్‌లో ఐకాన్ల వరుస మారినా రిసోర్స్ ఐడీ మారదు కాబట్టి నేను ఎప్పుడూ రుణ సంఖ్యే వాడతాను. మీ లాప్‌టాప్‌లో ఐకాన్ కనిపిస్తోందంటే ఇంతవరకు మీరు సరిగ్గానే చేశారు.

మరి మిషన్ దగ్గర ఎందుకు రాలేదు? నా అనుభవంలో పదింట ఏడుసార్లు కారణం ఇదే. ఇన్‌స్టాలర్ ఆ నమోదులను రిజిస్ట్రీలో ఒక్క మనిషికే చెందిన ‘కరెంట్ యూజర్’ కింద రాస్తుంది. ఆపరేటరు లాగిన్‌లో ఇన్‌స్టాల్ చేయబోతే అడ్మిన్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మీరు వెళ్లి మీ అడ్మిన్ పాస్‌వర్డ్ కొడతారు. ఆ క్షణం నుంచి ఇన్‌స్టాలర్ దృష్టిలో ‘కరెంట్ యూజర్’ అంటే అడ్మిన్, ఆపరేటరు కాదు. నమోదులన్నీ అడ్మిన్ ఖాతాలో భద్రంగా ఉంటాయి, ఆపరేటరుకు మాత్రం తెల్ల కాగితమే. హెచ్‌కీ క్లాసెస్ రూట్ అని మనకు కనిపించేది విడిగా ఉన్న గది కాదు, కంప్యూటర్ మొత్తానికి చెందిన (‘లోకల్ మెషీన్’) నమోదులనూ, లాగిన్ అయిన మనిషి నమోదులనూ కలిపి చూపే కిటికీ. అందుకే ఎవరు లాగిన్ అయితే వారికి ఒక్కోలా కనిపిస్తుంది. పరిష్కారం సులువు. షిఫ్టుకో మనిషి లాగిన్ మారే కంప్యూటర్ కాబట్టి అడ్మిన్ హక్కుతో ‘లోకల్ మెషీన్’ కింద రాయండి. ఒక్క మనిషే వాడే కంప్యూటర్ అయితే అడ్మిన్ అడగకుండా అతని లాగిన్‌లోనే ‘కరెంట్ యూజర్’ కింద రాయండి. రెండూ కలపకండి.

అది కాకపోతే ఇది చూడండి. ఎవరో ఒకరు మీ ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేసి, ‘దేనితో తెరవాలి’ అన్నప్పుడు నోట్‌ప్యాడ్ ఎంచుకుని, ‘ఎప్పుడూ దీనితోనే’ అన్నారేమో. ఆ ఎంపిక ‘యూజర్ ఛాయిస్’ అనే కీలో నిలిచిపోతుంది, అది మీ ప్రోగ్‌ఐడీ కంటే బలమైనది. విండోస్ 8 నుంచి ఆ కీకి ఒక హ్యాష్, అంటే విండోస్ లెక్కకట్టి సరిచూసే ముద్ర, జోడించారు కాబట్టి మీ ప్రోగ్రామ్ దాన్ని తిరిగి రాయలేదు. రాయడానికి దొంగదారులు వెతకవద్దు. మనిషి చేసుకున్న ఎంపికను మార్చే హక్కు ఆ మనిషిదే. ఆపరేటరును కూర్చోబెట్టి, ఫైలు మీద కుడి క్లిక్ చేయించి, మళ్లీ మీ ప్రోగ్రామ్‌ను ఎంచుకోమనండి. అర నిమిషం పని.

మూడో కారణం ఐకాన్ క్యాష్, అంటే ఎక్స్‌ప్లోరర్ ముందే దాచుకున్న ఐకాన్ల నిల్వ. నమోదులు మారాయని ఎక్స్‌ప్లోరర్‌కు ఎవరూ చెప్పకపోతే అది పాత బొమ్మనే చూపిస్తూ ఉంటుంది. ఇన్‌స్టాలర్ చివర ‘ఎస్‌హెచ్ ఛేంజ్ నోటిఫై’ అనే ఫంక్షన్‌ను ‘అసోక్ ఛేంజ్డ్’ సంకేతంతో పిలవాలి. ఈ ఒక్క పిలుపు మరిచిపోయి కంప్యూటర్లను రీస్టార్ట్ చేయిస్తూ తిరిగినవారిని నేను చాలామందిని చూశాను.

ఐకాన్ గీసేటప్పుడు 16, 32, 48, 256 పిక్సెళ్ల పరిమాణాలు నాలుగూ ఒకే ఐకాన్ ఫైలులో పెట్టండి. 16 పిక్సెళ్లది పెద్ద బొమ్మను కుదించి తయారు చేయవద్దు. ఆ చదరంలో ఉన్నవి 256 చుక్కలే, ఒక్కో చుక్కా చేత్తో పెట్టాలి. ఒక కంపెనీకి పడవ బొమ్మతో ఐకాన్ చేశాను. పెద్దగా ఉన్నప్పుడు తెరచాప తాళ్లతో సహా కనిపించింది, 16 దగ్గర నీలం మరకలా మిగిలింది. చివరికి ఒక త్రికోణం, కింద ఒక గీత పెడితే అందరూ పడవ అన్నారు. మీకైతే మూల తెగిన ఒక చతురస్రం, మధ్యలో ఒక గుండ్రని రంధ్రం చాలు.

ఎక్స్‌టెన్షన్ పేరు గురించి ఒక మాట. మొదట డీఏటీ వాడి తర్వాత మార్చానని రాశారు, మంచి పని చేశారు. డీఏటీ ఎవరి సొంతమూ కాదు. వీసీడీ డిస్కుల్లో సినిమా కూడా ఆ ఎక్స్‌టెన్షన్‌తోనే ఉండేది. దానికి మీ ఐకాన్ తగిలిస్తే ఇతరుల ఫైళ్ల మీదా మీ ముద్ర పడుతుంది. ఎక్స్‌టెన్షన్ మూడక్షరాలే ఉండాలన్నది డాస్ కాలపు నియమం, ఇప్పుడు నాలుగక్షరాల ‘రేకు’కు ఏ అడ్డంకీ లేదు. ఒకసారి ఖాయం చేశాక మాత్రం మార్చకండి. మన సింధియానే చూడండి. 1941లో సింధియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ అక్కడ ఓడల కర్మాగారానికి పునాది వేసింది. 1952లో అది హిందుస్థాన్ షిప్‌యార్డ్ అయింది. బస్సు కండక్టరు ఇప్పటికీ సింధియా అనే పిలుస్తాడు. ఎక్స్‌టెన్షన్ కూడా అంతే. రేపు మీ ప్రోగ్రామ్ పేరు మారినా, చేతులు మారినా, ఆ నాలుగక్షరాలు వేల ఫైళ్ల తోకన ఉండిపోతాయి.

ఇక అసలు విషయానికి వద్దాం. విండోస్ విస్టా నుంచి థంబ్‌నెయిల్ చూపాలంటే ‘ఐథంబ్‌నెయిల్ ప్రొవైడర్’ అనే ఇంటర్‌ఫేస్ (విండోస్ పిలిచే ఫంక్షన్ల ఒప్పందం) అమలు చేసే ఒక డీఎల్ఎల్, అంటే వేరే ప్రోగ్రామ్ ఎక్కించుకుని నడిపే కోడ్ ఫైలు, కావాలి. ఎక్స్‌ప్లోరర్ మీ ఫైలును ఒక స్ట్రీముగా, అంటే దారి చెప్పకుండా బైట్ల వరుసగా, అందిస్తుంది. ఎంత పరిమాణం బొమ్మ కావాలో చెబుతుంది. మీరు ఒక బిట్‌మ్యాప్ తిరిగి ఇస్తారు. అంతే ఒప్పందం. మీ ఎక్స్‌టెన్షన్ కీ కింద ‘షెల్‌ఎక్స్’ అనే కీ, దాని కింద ఆ ఇంటర్‌ఫేస్ గుర్తింపు సంఖ్య, అందులో మీ డీఎల్ఎల్ గుర్తింపు సంఖ్య రాయాలి. ఆ పొడవాటి సంఖ్యలను చేత్తో కొట్టకండి, మైక్రోసాఫ్ట్ పత్రం నుంచి కాపీ చేయండి. ఒక్క అక్షరం తప్పినా ఏ పొరపాటు సందేశమూ రాదు, బొమ్మ రాదు, అంతే.

ఇక్కడే నేను పదేళ్ల కిందట పెద్ద తప్పు చేశాను. వెల్డింగ్ జాయింట్ల డ్రాయింగులకు థంబ్‌నెయిల్ కోసం ఫైలు మొత్తం చదివి, లోపలి గీతలన్నీ లెక్కించి, అప్పటికప్పుడు బొమ్మ గీసే డీఎల్ఎల్ రాశాను. నా బల్ల మీద మెరుపులా నడిచింది. వర్క్‌షాప్‌లో ఫైళ్లన్నీ నెట్‌వర్క్ ఫోల్డరులో ఉన్నాయి, నాలుగు వందలకు పైగా. ఉదయం ముగ్గురు ఒకేసారి ఆ ఫోల్డరు తెరిస్తే పై పట్టీలో ఆకుపచ్చ గీత పాకుతూనే ఉంది, కాపీ పనులన్నీ నిలిచిపోయాయి. దానికి తోడు నేను స్ట్రీము బదులు ఫైలు దారినే తీసుకునే పద్ధతి వాడి, అది పనిచేయడానికి ‘ప్రాసెస్ ఐసొలేషన్’ను ఆపేశాను. మామూలుగా థంబ్‌నెయిల్ డీఎల్ఎల్ విడి ప్రక్రియలో నడుస్తుంది, కూలితే అదొక్కటే కూలుతుంది. నేను ఆ గోడ తీసేశాను. పాడైన ఒక ఫైలు ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టగానే ఎక్స్‌ప్లోరరే కూలింది. కింది పట్టీ మాయమై మళ్లీ వచ్చింది, ఫోల్డరు తెరిచిన ప్రతిసారీ అదే తంతు. ఆ రోజు ఆ వర్క్‌షాప్ యజమాని ఒక్క మాటా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది.

అందుకే మీకు ఇది గట్టిగా చెబుతున్నాను. బొమ్మను చూసేటప్పుడు గీయకండి, దాచేటప్పుడే గీయండి. ఆపరేటరు మీ ప్రోగ్రామ్‌లో ‘సేవ్’ నొక్కిన క్షణాన డ్రాయింగు మొత్తం మెమరీలోనే ఉంటుంది, గీసే కోడ్ అంతా మీ చేతిలోనే ఉంటుంది. అప్పుడే 512 పిక్సెళ్ల పీఎన్‌జీ బొమ్మ ఒకటి తయారు చేసి ఫైలులోనే పెట్టేయండి. డీఎల్ఎల్ చేయాల్సింది దాన్ని బయటకు తీయడమే. ఇది నేను కనిపెట్టిన పద్ధతి కాదు. లిబ్రెఆఫీస్ వాడే ఓపెన్‌డాక్యుమెంట్ ఫైలును జిప్‌లా తెరిస్తే లోపల థంబ్‌నెయిల్స్ అనే ఫోల్డరులో ఒక పీఎన్‌జీ ఉంటుంది. 3డీ బొమ్మలు చేసే బ్లెండర్ తన ఫైళ్లలోనే చిన్న బొమ్మ దాస్తుంది. చిత్రాలు గీసే క్రితా కూడా అంతే. మైక్రోసాఫ్ట్ ఇచ్చిన నమూనా కోడ్‌లో వంటకాల ఫైలుకు థంబ్‌నెయిల్ చూపే ఉదాహరణ ఉంది, ‘రెసిపీ థంబ్‌నెయిల్ ప్రొవైడర్’ పేరుతో. అదీ ఫైలులోనే దాచిన బొమ్మను తీసి చూపిస్తుంది. మీరు దాన్నే తీసుకుని మార్చుకోండి. అది సీ ప్లస్ ప్లస్‌లో ఉంది, అలాగే ఉంచండి. మీ ప్రోగ్రామ్ సీ షార్ప్ అయినా ఎక్స్‌ప్లోరర్ ఎక్కించుకునే డీఎల్ఎల్ మాత్రం సీ ప్లస్ ప్లస్‌లో ఉండటమే క్షేమం. విండోస్ 64 బిట్ అయితే డీఎల్ఎల్ కూడా 64 బిట్ కావాలి. 32 బిట్ డీఎల్ఎల్ నమోదైనట్టే కనిపిస్తుంది కానీ ఎక్స్‌ప్లోరర్ దాన్ని పట్టించుకోదు.

ఫైలులో బొమ్మ ఎక్కడ పెట్టాలన్నదీ ముఖ్యమే. మొదట్లోనే పెట్టండి. తొలి ఎనిమిది బైట్లు మీ ఫైలును గుర్తుపట్టే సంతకం, తర్వాత వెర్షన్ సంఖ్య, బొమ్మ ఎక్కడ మొదలవుతుందో, ఎంత పొడవో, ఆ వెంటనే పీఎన్‌జీ, దాని తర్వాతే మీ అసలు సమాచారం. అప్పుడు నెట్‌వర్క్ మీద 50 మెగాబైట్ల ఫైలు ఉన్నా డీఎల్ఎల్ చదివేది కొన్ని పదుల కిలోబైట్లే.

ఆ పొడవు సంఖ్యను మాత్రం గుడ్డిగా నమ్మకండి. ఫైలు మొత్తం పరిమాణం కంటే ఎక్కువ చెబుతోందా, అర్థం లేనంత పెద్దదా అని పరీక్షించి, తేడా ఉంటే వైఫల్యం అని తిరిగి పంపండి, ఎక్స్‌ప్లోరర్ మీ ఐకాన్ చూపించి ఊరుకుంటుంది. ఇంత పట్టుదల ఎందుకంటే థంబ్‌నెయిల్ కోడ్ ఎవరూ ఏదీ తెరవకుండానే నడుస్తుంది. ఫోల్డరు చూస్తే చాలు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అలాగే వ్యాపించింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న షార్ట్‌కట్ ఫైళ్ల ఐకాన్ చూపడంలో విండోస్‌కు ఉన్న లోపాన్ని వాడుకుని, క్లిక్ లేకుండానే లోపలికి దూరింది. దాని గురి కర్మాగారాల్లో యంత్రాలను నడిపే కంట్రోలర్లు. మీ మిషన్‌కూ ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనే వస్తున్నాయి కదా.

ఇప్పుడు బొమ్మలో ఏమి ఉండాలి? దీనికి మీరు కోడ్ కంటే ఎక్కువ సమయం పెట్టాలని నా కోరిక. మీ తెర మీద కనిపించే డ్రాయింగును అలాగే కుదిస్తే సన్నని గీతలన్నీ బూడిద రంగు పొగలా కలిసిపోతాయి. థంబ్‌నెయిల్ కోసం విడిగా గీయండి. తెల్లని నేపథ్యం, కోత గీతలు నలుపు, కనీసం నాలుగు పిక్సెళ్ల మందం, ఎందుకంటే 512 బొమ్మ 128కి కుదిస్తే అది ఒక పిక్సెల్ అవుతుంది. కొలతల అంకెలు, బాణాలు, టైటిల్ పెట్టె, అన్నీ తీసేయండి. రంధ్రాలను లోపల నలుపుతో నింపండి. ఎనిమిదా, పన్నెండా అన్నది దూరం నుంచి లెక్క తెలుస్తుంది. నేను ఆ సింధియా ఆపరేటరును నీకు ముందు ఏమి తెలియాలి అని అడిగితే ఆకారం అనలేదు, ప్లేటు మందం అన్నాడు. క్రేనుతో ప్లేటు తెచ్చి బల్ల మీద వేయడం మొదటి పని కాబట్టి. అప్పటి నుంచి కుడివైపు కింది మూలన మందాన్ని పెద్ద అంకెగా వేస్తున్నాను, బొమ్మ ఎత్తులో ఐదో వంతు. 6, 10, 12, 20. ఆ అంకె కోసం డ్రాయింగులో కొంత భాగం కప్పబడినా పర్వాలేదు.

పాత ఫైళ్ల సంగతి మీరు అడగలేదు కానీ రేపే ఎదురవుతుంది. బొమ్మ లేని పాత ఫైళ్లన్నింటినీ తెరిచి మళ్లీ దాచే చిన్న పనిముట్టు రాయండి. ముందు మొత్తం ఫోల్డరును వేరే డిస్కుకు కాపీ చేయండి. దాచిన తర్వాత ప్రతి ఫైలుకూ పాత తేదీనే తిరిగి పెట్టండి. లేకపోతే మూడేళ్ల ఫైళ్లన్నీ ఇవాళ్టి తేదీతో నిలబడతాయి, తేదీ వరుసలో వెతుక్కునే అలవాటున్న మీ మనుషులకు దారి తప్పుతుంది. తేదీ మారలేదు కాబట్టి ఎక్స్‌ప్లోరర్ క్యాష్‌లోని పాత ఫలితాన్నే చూపే అవకాశం ఉంది. డిస్క్ క్లీనప్‌లో థంబ్‌నెయిల్స్ అన్న గడి ఎంచుకుని ఒకసారి తుడిచేయండి. ఇంత చేసినా మిషన్ దగ్గర బొమ్మ రాకపోతే ఫోల్డర్ ఆప్షన్స్‌లో ‘ఎప్పుడూ ఐకాన్లే చూపు, థంబ్‌నెయిళ్లు వద్దు’ అన్న గడిలో టిక్ ఉందేమో చూడండి. పాత కంప్యూటర్ వేగంగా నడవాలని ఎవరో పెట్టి ఉంటారు. వివరాల వరుసలో కాకుండా మధ్యస్థ లేదా పెద్ద ఐకాన్ల వరుసలో చూడాలని ఆపరేటరుకు కూడా చెప్పండి.

కుడివైపు పెద్దగా చూపే ప్రివ్యూ పేన్, అంటే ఆల్ట్‌తో పాటు ‘పీ’ నొక్కితే వచ్చేది, ఇంకో విషయం. దానికి ‘ఐప్రివ్యూ హ్యాండ్లర్’ అనే వేరే ఇంటర్‌ఫేస్ ఉంది, అది ప్రివ్‌హోస్ట్ అనే విడి ప్రక్రియలో నడుస్తుంది. మీకు ఇప్పుడది అవసరం లేదని నా అభిప్రాయం. తర్వాత రాసుకున్నా ఒకటి గుర్తుంచుకోండి. 2025 అక్టోబర్ భద్రతా అప్‌డేట్ల నుంచి ఇంటర్నెట్ నుంచి దింపుకున్న ఫైళ్లకు విండోస్ ఆ పేన్‌లో ప్రివ్యూ చూపడం ఆపేసింది. ఖాతాదారు మెయిల్లో పంపిన డ్రాయింగు అక్కడ కనిపించకపోతే మీ కోడ్‌లో తప్పు వెతకకండి. ఫైలు ప్రాపర్టీస్‌లో ‘అన్‌బ్లాక్’ ఎంచుకుంటే చాలు, అదీ పంపిన మనిషి మీకు తెలిసినవాడైతేనే.

డిజైన్ గదిలో ఒక ఉబుంటు కంప్యూటర్ ఉందని చివర్లో రాశారు. అక్కడ పని ఇంకా తేలిక. ఎక్స్‌టెన్షన్‌ను ఒక మైమ్ రకానికి, అంటే లినక్స్ ఫైలు రకాన్ని గుర్తించే పేరుకు, ముడిపెట్టే చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైలు రాసి, మీ హోమ్ ఫోల్డరులోని మైమ్ ప్యాకేజీల్లో పెట్టి, ‘అప్‌డేట్ మైమ్ డేటాబేస్’ ఆదేశం నడపాలి. ఐకాన్ ఫైలుకు ఆ మైమ్ రకం పేరే పెట్టాలి, మధ్యలోని ఏటవాలు గీత స్థానంలో అడ్డగీత వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. థంబ్‌నెయిల్‌కు డీఎల్ఎల్ ఏదీ అక్కర్లేదు. ఫైలు దారి, బయటకు రాయాల్సిన పీఎన్‌జీ దారి, పరిమాణం తీసుకునే ఏ చిన్న ప్రోగ్రామైనా సరే, దాని పేరును ‘థంబ్‌నెయిలర్’ తోకతో ఉన్న నాలుగైదు లైన్ల ఫైలులో రాస్తే చాలు. మీరు బొమ్మను ఫైలు మొదట్లోనే పెట్టారు కాబట్టి పైథాన్‌లో ఇరవై లైన్లు మించదు. అయితే తొలి ప్రయత్నం విఫలమైతే ఉబుంటు ఆ వైఫల్యాన్ని గుర్తుపెట్టుకుంటుంది. హోమ్ ఫోల్డరులోని క్యాష్‌లో థంబ్‌నెయిల్స్ కింద ‘ఫెయిల్’ అనే ఫోల్డరు ఉంటుంది. కోడ్ సరిచేసిన తర్వాత దాన్ని ఖాళీ చేసి, ఫైల్ మేనేజర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవండి.